సెక్రటరీ గారు అమెరికా వెళ్ళాక: పెత్తనం పంచుకోవడం, మీటింగ్ నడపడం ఎలా నేర్చుకోవాలి

మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు, తొమ్మిదేళ్ళుగా ఒకే సెక్రటరీ. చాలా మంచాయన, ఆ మాట ముందే చెప్పాలి, లెక్కల్లో రూపాయి తేడా రానిచ్చేవారు కాదు. కూతురి పురుడుకని ఫిబ్రవరిలో ఆరు నెలలకి అమెరికా వెళ్ళారు. మార్చి రెండో వారానికి బోరు సన్నబడింది. ట్యాంకర్‌కి ఎవరికి ఫోన్ చేయాలో ఎవరికీ తెలీదు, లిఫ్ట్ కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో తెలీదు, మోటార్ స్టార్టర్ డబ్బా తాళం ఎక్కడుందో అసలే తెలీదు. రాత్రి పదకొండున్నరకి ఆయనకి వాట్సాప్ కాల్ చేస్తే, తాళం తన ఫ్రిజ్ మీదుందన్నారు. ఇంటికేమో తాళం. ఆ తాళంచెవి కూకట్‌పల్లిలో వాళ్ళ బావమరిది దగ్గర.

ఆ రాత్రి మెట్ల దగ్గర నిలబడి నాకర్థమైందేంటంటే, మా జబ్బు చెడ్డ సెక్రటరీ వల్ల వచ్చింది కాదు, మంచి సెక్రటరీ వల్లే వచ్చింది. అన్నీ ఆయనే చూసుకుంటున్నారని మేం తొమ్మిదేళ్ళు హాయిగా నిద్రపోయాం.

తర్వాత ఏడాదిన్నరలో పడుతూ లేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ అనే కాదు, కాలనీ సంఘం, గణేశ్ కమిటీ, ఆఫీసులో టీమ్, పాత క్లాస్‌మేట్ల గ్రూపు, దేనికైనా పనికొస్తుంది. ఇందులో రెండు విద్యలున్నాయి: పెత్తనం పంచుకోవడం ఒకటి, అందరి నోటా మాట వచ్చేలా మీటింగ్ నడపడం ఇంకొకటి. మొదటిదొక్కటే నేర్చుకుంటే పదవులు పంచుకుంటారు గానీ మీటింగ్‌లో ఆ పాత ఇద్దరే మాట్లాడతారు. రెండోదొక్కటే నేర్చుకుంటే చక్కగా మాట్లాడుకుని ఇంటికెళ్తారు, పనంతా మళ్ళీ ఒక్కడి నెత్తిన పడుతుంది.

1. ముందు పనుల చిట్టా రాయండి

‘నాయకత్వం’ అనే పెద్ద మాట పక్కన పెట్టి, ఇప్పటిదాకా ఆ ఒక్క మనిషి వారంలో, నెలలో, ఏడాదిలో ఏమేం చేస్తున్నారో తెల్ల కాగితం మీద రాయండి. కుదిరితే ఆయన్నే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చెప్పించుకోండి. మేం వీడియో కాల్‌లో రాసుకున్నాం. పది పన్నెండు వస్తాయనుకుంటే 37 వచ్చాయి! వాచ్‌మన్ జీతం, కామన్ మీటర్ కరెంటు బిల్లు, జనరేటర్ డీజిల్, సంపు కడిగించడం, పండగలకి చందా పుస్తకం, కింద ఫ్లోర్ వాళ్ళకీ పై ఫ్లోర్ వాళ్ళకీ లీకేజీ గొడవ తీర్చడం, ఎవరైనా పోతే ఫ్రీజర్ బాక్స్ తెప్పించడం దాకా.

చివరి రెండూ చూడండి, అవి ఏ బైలాలోనూ ఉండవు. కనిపించని పనులే ఎక్కువ బరువు. వాటిని కాగితం మీదకి ఎక్కించకపోతే, పంచుకోవడమంటే తేలికవి పంచేసి బరువైనవి పాతాయన మీదే వదిలేయడం అవుతుంది.

2. ప్రతి పనికీ రెండు పేర్లు, ఒక గడువు

‘పది మందిలో పాము చావదు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. అందరిదీ అన్న పని ఎవరిదీ కాదు, ఒకరు కొడతారులే అని ఒకరు చూస్తుంటారు, ఈలోపు పాము పుట్టలోకి పోతుంది. పెత్తనం పంచుకుందామంటే జనం భయపడేది కూడా దీనికే, ఆ భయం నిజమైనదే. కాబట్టి ‘అందరం చూసుకుందాం’ అనే మాటని మీటింగ్‌లో నిషేధించండి.

ఒక్కో పనికి ఇద్దరు. ఒకరు చేసేవాళ్ళు, ఇంకొకరు పక్కనుండి నేర్చుకునేవాళ్ళు. ఆరు నెలలకి మొదటివాళ్ళు తప్పుకుంటారు, నేర్చుకున్నవాళ్ళు ముందుకొస్తారు, కొత్తవాళ్ళు పక్కన చేరతారు. ఇద్దరినీ ఒకేసారి మార్చకూడదు, మేం ఒకసారి మార్చి లిఫ్ట్ కాంట్రాక్ట్ గడువు దాటించుకున్నాం. తాళాలు, పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు ఇద్దరి దగ్గరా ఉండాలి. మేం ఒక పాత డైరీలో రాసి సెక్యూరిటీ గదిలో పెట్టాం (పాస్‌వర్డ్‌లు తప్ప, అవి వేరే కవర్‌లో).

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మన దగ్గర ఇలాంటి సంఘాలు ఎక్కువగా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందనో రిజిస్టరై ఉంటాయి. కాగితం మీద ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ ఉండాల్సిందే, చెక్కు మీద సంతకం వాళ్ళదే, బైలా ప్రకారం ఓటు పెట్టాల్సినవి ఓటు పెట్టాల్సిందే. పెత్తనం పంచుకోవడమంటే ఆ పేర్లు కొట్టేయడం కాదు. సంతకం ఎక్కడ పెట్టాలో పది మంది కలిసి తేల్చాక వాళ్ళు పెడతారు, అంతే తేడా.

3. కుర్చీలు

దీని మీద ఎంత చెప్పినా తక్కువే. మా పాత మీటింగుల్లో సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి, ఎదురుగా ఒక టేబుల్, దాని వెనక ముగ్గురు కూర్చునేవారు. పెళ్ళిచూపులకి తక్కువ, పంచాయితీకి ఎక్కువ. అలా కూర్చోగానే ముందున్నవాళ్ళు జవాబు చెప్పాల్సినవాళ్ళు, ఎదురున్నవాళ్ళు నిలదీయాల్సినవాళ్ళు అయిపోతారు. టేబుల్ తీసేసి గుండ్రంగా వేయండి. ఆ ఒక్క మార్పుతోనే మొదటిసారి మా మీటింగ్‌లో అరుపులు సగం తగ్గాయి. ఎదురెదురుగా మొహాలు కనిపిస్తుంటే గట్టిగా అరవడం కొంచెం కష్టం.

ఆడవాళ్ళంతా వెనక వరసలోనో మెట్ల మీదో సర్దుకుంటుంటే, వలయాన్ని వాళ్ళ దగ్గరికి జరపండి. ఎవరైనా నిలబడి ఉన్నారా చూడండి. మా దగ్గర ఎప్పుడూ నిలబడేది వాచ్‌మన్ కుటుంబం, వాళ్ళకీ కుర్చీ వేస్తే ఒకరిద్దరు మొహాలు చిట్లించారు, చిట్లించనివ్వండి.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. పదిహేను దాటితే అందరూ మాట్లాడడం కుదరదు, ఐదారుగురేసి చిన్న గుంపులుగా విడగొట్టి, తర్వాత కలపండి. టైమ్ గంటన్నర. ఐదింటికంటే ఐదింటికే మొదలుపెట్టండి, ముగ్గురే ఉన్నా సరే. రెండు మీటింగుల తర్వాత జనమే సర్దుకుంటారు.

ఎజెండా ప్రశ్నలుగా రాయండి. ‘నీటి సమస్య’ అని రాస్తే నలభై నిమిషాలు వాటర్ బోర్డుని తిట్టుకుంటాం. ‘ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ ఖర్చు ఎవరెవరు ఎలా భరించాలి?’ అని రాస్తే దానికి జవాబు వెతుకుతాం. మూడు ప్రశ్నలు చాలు.

4. నలుగురికి నాలుగు పనులు, చీటీలేసి

మీటింగ్ నడిపేవాళ్ళు ఒకరు, రాసేవాళ్ళు ఒకరు, గడియారం చూసేవాళ్ళు ఒకరు. నాలుగో మనిషి పని, ఇంకా నోరు విప్పనివాళ్ళెవరో కనిపెట్టి నడిపేవాళ్ళకి సైగ చేయడం. ప్రతిసారీ చీటీలేసి తీయండి. ‘నాకు రాదు’ అనేవాళ్ళకి మొదట గడియారం ఇవ్వండి. ఇంటర్ చదివే పిల్లలు ఈ పని భలే చేస్తారు, ఎవర్నీ లెక్కచేయరు.

నడిపేవాళ్ళకి ఒక్కటే పెద్ద నియమం: నడుపుతున్నంతసేపూ సొంత అభిప్రాయం చెప్పకూడదు. చెప్పాలనిపిస్తే పెన్ను పక్కవాళ్ళకి ఇచ్చి, మామూలు సభ్యుడిలా మాట్లాడి, మళ్ళీ తీసుకోవాలి. వినడానికి తేలికే. నేను నడిపిన మొదటి మీటింగ్ అయ్యాక, గడియారం పట్టుకున్న 201 పిల్లాడు నా దగ్గరికొచ్చి ‘అంకుల్, తొంభై నిమిషాల్లో మీరే నలభై ఒకటి మాట్లాడారు’ అన్నాడు. నేనేమో ఆ రోజు అందరికీ అవకాశం ఇచ్చానని ఇంట్లో గొప్పగా చెప్పుకుందామనుకుంటున్నాను. ఇలా నిమిషాలు లెక్కపెట్టించుకోవడం కంటే మంచి గురువు నాకు దొరకలేదు, మీరూ పెట్టించుకోండి.

5. నోళ్ళు తెరిపించడం

నిజమైన పని ఇక్కడుంది. కొన్ని చిట్కాలు.

మొదట ఒక చుట్టు. మా దగ్గర ఒక స్టీలు గ్లాసుంది, అది చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి, ఒక్కొక్కరికి ఒక నిమిషం, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. చెప్పడానికేమీ లేకపోతే గ్లాసు పక్కకిచ్చేయొచ్చు. మొదటి పది నిమిషాల్లో ఒక్కసారైనా తన గొంతు తాను విన్న మనిషి తర్వాత మళ్ళీ మాట్లాడతాడు. మొదట్లో మాట్లాడకపోతే చివరిదాకా అలాగే కూర్చుంటాడు.

మాట కంటే ముందు రాత. ప్రశ్న అడిగి రెండు నిమిషాలు ఎవరి చీటీ మీద వాళ్ళని రాసుకోమనండి, తర్వాత పక్కవాళ్ళతో ఐదు నిమిషాలు మాట్లాడుకోమనండి, ఆ తర్వాతే అందరి ముందూ. పెద్ద గొంతు ఉన్నవాళ్ళు ముందు చెప్పేస్తే మిగతావాళ్ళ ఆలోచనలు దాని చుట్టూనే తిరుగుతాయి, రాయిస్తే ఆ బెడద ఉండదు. రాయడం రానివాళ్ళకి పక్కవాళ్ళు రాస్తారు, దాన్ని పెద్ద విషయం చేయకండి.

మౌనం. ప్రశ్న అడిగాక ఎవరూ పలకకపోతే టెన్షన్ వచ్చి మనమే జవాబు చెప్పేస్తాం. ఆగండి. మనసులో పది దాకా నిదానంగా లెక్కపెట్టండి. ఆరో ఏడో అయ్యేసరికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఆగకుండా మాట్లాడే పెద్దవాళ్ళని ఆపడం మన దగ్గర అన్నిటికంటే కష్టం, వయసుకి మర్యాద ఇవ్వాలి, మీటింగూ సాగాలి. 404 లో ఒక రిటైర్డ్ ఇంజనీర్ గారున్నారు. విషయం తెలిసిన మనిషి, కానీ మొదలుపెడితే నాగార్జునసాగర్ దాకా వెళ్ళొస్తారు. ‘ఇక చాలు సార్’ అంటే అవమానం. నాకు పనిచేసిన మాట ఇది: ‘అంకుల్, మీరు చెప్పినదాంట్లో రెండు ముఖ్యమైనవి విన్నాను, ఒకటి మోటార్ హార్స్‌పవర్ సరిపోవట్లేదని, రెండోది పైపు సైజు తప్పని. సరిగ్గా రాశానా?’ అని, బోర్డు మీద రాసి చూపించాను. తన మాట బోర్డు మీద కనిపించగానే ఆయన ఆగిపోయారు. ఎక్కువసేపు మాట్లాడేవాళ్ళలో సగం మంది, ఎవరూ వినట్లేదనే అనుమానంతోనే మాట్లాడుతుంటారు.

ఎజెండాలో లేని విషయం తెచ్చేవాళ్ళకి: ‘మంచి పాయింటండీ, మర్చిపోకుండా ఇక్కడ పక్కన రాస్తున్నా, చివర్లో పది నిమిషాలు దీనికే.’ తర్వాత నిజంగానే ఆ పది నిమిషాలు ఇవ్వండి. ఒక్కసారి ఎగ్గొడితే రెండోసారి మిమ్మల్ని నమ్మరు.

ఇద్దరు వాదులాడుకుంటుంటే మధ్యలో దూరి తీర్పు చెప్పకండి. ‘మీ ఇద్దరికీ ఇది ముఖ్యమని అర్థమైంది, మిగతావాళ్ళు ఎలా చూస్తున్నారో ఒక చుట్టు విందామా?’ అంటే చాలు, ఇద్దరి మధ్యే తిరుగుతున్న మాట అందరి మధ్యకీ వస్తుంది. కొత్త గుంపులో రెండో మూడో నెలలో గొడవలు పెరిగితే కంగారు పడకండి. అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లోనే చెప్పాడు, గుంపులు చాలావరకు మొదట మర్యాదగా ఉండి, తర్వాత కొట్టుకుని, ఆ తర్వాత పద్ధతులు కుదుర్చుకుని పనిలో పడతాయని. మేం కొట్టుకునే దశలోనే ఆర్నెల్లున్నాం, అది వేరే సంగతి.

ఇక హైదరాబాద్ కాబట్టి భాష గొడవ ఎలాగూ ఉంటుంది. ఎవరికొచ్చిన భాషలో వాళ్ళు మాట్లాడొచ్చని ముందే చెప్పండి, రాసేవాళ్ళు ప్రతి పాయింట్‌నీ తెలుగులోనూ హిందీలోనూ ఒకసారి చదవాలి. ఇంగ్లీషులోకి జారారంటే సగం మంది మౌనంగా తలూపడం మొదలుపెడతారు.

6. నేల మీద గీయండి

ఈ పద్ధతికి మన ఊరితో సంబంధం ఉందని చాలామందికి తెలీదు. గ్రామాల్లో సర్వే అంటే బయటివాళ్ళొచ్చి ప్రశ్నలడిగి రాసుకుపోవడం కాదు, ఊరివాళ్ళే నేల మీద ముగ్గుపిండితో, గింజలతో, పుల్లలతో తమ ఊరి పటం గీసి తామే లెక్క తేల్చుకోవడం అనే పద్ధతులు 1980ల చివర్లో మన దేశంలో బాగా పెరిగాయి. వాటిని ప్రపంచానికి చాటినవాళ్ళలో ముఖ్యుడు రాబర్ట్ ఛాంబర్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయన 1989 నుంచి 1991 దాకా ఇక్కడే హైదరాబాద్‌లో, మన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నాడు. ఆ పద్ధతిలో ‘కర్ర అప్పగించడం’ అనే మాట ఉంది. పటం గీసే కర్ర చదువుకున్నవాళ్ళ చేతిలోంచి ఊరివాళ్ళ చేతిలోకి మారాలని. పెన్నూ మార్కరూ మన చేతిలోనే పెట్టుకుని ‘మీరు చెప్పండి, నేను రాస్తా’ అనడం కూడా పెత్తనమే.

మేం సెల్లార్ నేల మీద చేశాం. 302 ఆంటీ ముగ్గుపిండితో సంపు, రెండు బ్లాకులు, పై ట్యాంకులు, పైపులు గీశారు. ‘నీళ్ళు ఎక్కడ పోతున్నాయో చూపించండి’ అని అడిగి, నేను వెనక్కి జరిగి గోడకానుకుని నిలబడ్డాను. ఇంజనీర్ గారు మోటార్ దగ్గర గులకరాయి పెట్టారు. ఒకావిడ వంటింటి పైపుల దగ్గర పెట్టింది. వాచ్‌మన్ భార్య, అప్పటిదాకా చేతులు కట్టుకుని చూస్తున్న మనిషి, నెమ్మదిగా వచ్చి బి బ్లాకు పై ట్యాంకు వెనక వైపు వేలు పెట్టి చూపించింది. ‘ఈ ట్యాంకు నిండినంక కూడా నీళ్ళు పోతనే ఉంటయ్ సార్, రోజు పొద్దుగాల అరగంట. వెనకకెళ్లి మోరీలకే పోతయ్.’

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, రెండేళ్ళంది. ముందెందుకు చెప్పలేదు అని ఎవరో అన్నారు. ‘ఎవలకు చెప్పాలె?’ అంది.

ఫ్లోట్ వాల్వ్ మార్చడానికి మనిషి కూలీతో కలిపి 1,400 రూపాయలైంది. అప్పటికి ట్యాంకర్లకి మేం పెట్టిన డబ్బు ఎంతో ఇక్కడ రాయబుద్ధి కావట్లేదు. ఆ ఓవర్‌ఫ్లో పైపు వెనక సందులోకి ఉంది, ఫ్లాట్ల కిటికీలకి కనబడదు, పొద్దున్నే సందు ఊడ్చేవాళ్ళకి మాత్రమే కనబడుతుంది. అందరినీ పిలవడం మంచితనం కోసం అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచీ నీళ్ళ కోసమే అనుకుంటున్నాను.

7. తేల్చడం

ఓటు పెడితే తొందరగా తేలుతుంది. కానీ 26 మంది గెలిచి 22 మంది ఓడితే, ఆ 22 మంది మెయింటెనెన్స్ కట్టడం ఆలస్యం చేసి కసి తీర్చుకుంటారు. అందరూ ఒప్పుకునేదాకా కూర్చుంటే తెల్లారుతుంది. మధ్యలో ఒక దారుంది, నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఇంజనీర్ తన కంపెనీలో పాటించి వ్యాప్తి చేసింది. ‘ఇది మీకు నచ్చిందా?’ అని అడగరు, ‘దీనివల్ల మన పనికి నష్టముందా? ఉంటే ఏంటది?’ అని అడుగుతారు. కారణమున్న అభ్యంతరం లేకపోతే ముందుకెళ్ళడమే.

మేం బొటనవేలితో చేస్తాం. పైకి అంటే సరే. అడ్డంగా అంటే అంత ఇష్టం లేదు గానీ అడ్డురాను. కిందకి అంటే ఒప్పుకోను, కానీ వేలు కిందకి పెట్టినవాళ్ళు నష్టమేంటో చెప్పి, ఏం మారిస్తే ఒప్పుకుంటారో కూడా చెప్పాలి. ట్యాంకర్ ఖర్చు ఫ్లాట్‌కింత అని సమానంగా వేద్దామన్నప్పుడు 105 ఓనర్ వేలు కిందకి పెట్టారు, ఫ్లాట్ ఏడాదిగా ఖాళీ, ఒక్క చుక్క వాడలేదని. న్యాయమే కదా. తాళం వేసిన ఫ్లాట్లకి సగం, మూడు నెలలు ఇలా చేసి చూద్దాం, మళ్ళీ కూర్చుందాం అన్నాం. అన్ని వేళ్ళూ పైకో అడ్డంగానో లేచాయి. ‘మూడు నెలలు చేసి చూద్దాం’ అనేది చాలా తాళాలు తీసే మాట, తప్పు నిర్ణయమైనా జీవితాంతం ఉండదని తెలిస్తే మనుషులు మెత్తబడతారు.

ప్రతిదీ మీటింగ్‌కి తేకండి. కాలిపోయిన బల్బు మార్చడానికి 48 కుటుంబాల సమ్మతి అక్కర్లేదు. మేం 3,000 రూపాయల్లోపు ఖర్చులు ఆ పని చూసే జంటకే వదిలేశాం, వాట్సాప్‌లో బిల్లు ఫోటో పెడితే చాలు. వాట్సాప్ గ్రూపులో మాత్రం నిర్ణయాలు చేయకండి. అక్కడ మౌనంగా ఉన్నవాళ్ళు ఒప్పుకున్నట్టా, చూడనట్టా, అలిగినట్టా, ఎవరికీ తెలీదు.

లేచి వెళ్ళే ముందు రాసేవాళ్ళు చదవాలి: ఏ పని, ఎవరు, ఏ తేదీలోపు. అంతే. ఎవరేమన్నారో పేజీలకి పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

8. ఎక్కడ చూసి నేర్చుకోవాలి

డబ్బు కట్టి వర్క్‌షాప్‌కి వెళ్ళే ముందు, మీ ఇంట్లో పనికి వచ్చే ఆవిడనో, వీధి చివర టిఫిన్ బండి ఆవిడనో ‘మీకు మహిళా సంఘం ఉందా?’ అని అడగండి. పది పన్నెండు మంది, కింద చాప మీద గుండ్రంగా కూర్చుని, పొదుపు, అప్పు, కంతు, అన్నీ అందరి ముందూ లెక్క చూసుకుంటారు. వాళ్ళు పాటించే పంచసూత్రాలు చూడండి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపలే అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. ఐదింట్లో మొదటిది సమావేశం, చివరిది పుస్తకం. ఏసీ హాళ్ళలో స్లైడ్లేసి చెప్పే సంగతులు వాళ్ళ చాప మీద ఎప్పటి నుంచో నడుస్తున్నాయి. నేను ఒకసారి వాళ్ళ అనుమతి అడిగి ఒక మూల కూర్చున్నాను. ఒకావిడ కంతు కట్టలేదు. ఎవరూ తిట్టలేదు, ‘వచ్చే వారానికి ఎంత తేగలవ్?’ అని లీడర్ అడిగి, ఆవిడ చెప్పిన అంకెనే రాసుకుంది.

మీ సొంత సాధనకి, ప్రతి మీటింగ్ తర్వాత పది నిమిషాలు ఆ నలుగురూ ఆగి రెండే ప్రశ్నలు వేసుకోండి: ఈ రోజు ఎవరు మాట్లాడలేదు? నడిపేవాళ్ళు మాటని ఎక్కడ తమవైపు లాగారు? పొగడ్తలు వద్దు. మూడు మీటింగులు నడిపాక తప్పుకుని కొత్తవాళ్ళకి ఇచ్చేయండి, వాళ్ళు తడబడుతుంటే నోరు మూసుకుని కూర్చోండి. నాకు ఇది ఇప్పటికీ రాలేదు. కాళ్ళు ఊపుతుంటానట, మా ఆవిడ చెప్పింది.

మొదలుపెట్టడానికి ఈ ఆదివారం చాలు: పనుల చిట్టా రాయండి, ఒక్క పనికి ఒక్క జంటని పెట్టండి, వచ్చే మీటింగ్‌కి కుర్చీలు తిప్పండి. మిగతావి నెలకొకటి చేర్చుకుంటూ వెళ్ళొచ్చు.

మా సెక్రటరీ గారు ఆగస్టులో తిరిగొచ్చారు. మొదటి మీటింగ్‌లో గ్లాసు చేతికొస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి, ‘నేను ఈ నెల సంపు కడిగించడం చూస్తాను, ఇంకేం వద్దు’ అన్నారు. పార్కింగ్ గొడవ మాత్రం ఇంకా తేలలేదు, మూడు వేళ్ళు కిందకే ఉన్నాయి, వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. చీటీలో నడిపే పని 302 ఆంటీకి వచ్చింది.